డెల్ టి150 చాలా, టి350 కావాలా: ఒంగోలు, నెల్లూరు వ్యాపారాలకు

చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌కైనా, నెల్లూరు రైస్ మిల్లుకైనా ట్యాలీ, బిల్లింగ్ కోసం సర్వర్ అంటే చాలాసార్లు చవగ్గా వస్తుందని డెల్ పవర్‌ఎడ్జ్ టి150 చూపిస్తారు. దానికి పవర్ సప్లై ఒక్కటే. డిస్కు పోతే మెషిన్ ఆపి, మూత తీసి, కేబుల్ పీకి మార్చాలి. టి350కి రెండు పవర్ సప్లైలు పెట్టించుకోవచ్చు, హాట్‌ప్లగ్ డిస్కును సర్వర్ నడుస్తుండగానే ముందువైపు నుంచి లాగేయొచ్చు. పొద్దస్తమానం బిల్లులు కొట్టే చోట ఆ అదనపు డబ్బు పెట్టి తీరాలి.

కొటేషన్‌లో ‘రెయిడ్ ఉంది’ (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా పలు డిస్కుల్లో ఉంచే ఏర్పాటు) అని రాస్తే చాలదు, ఏ రకమో అడగండి. ఎస్150 అంటే విడి కార్డు లేని సాఫ్ట్‌వేర్ రెయిడ్. హెచ్755 కార్డులో బ్యాటరీ కాపు ఉన్న క్యాష్ (డేటాను డిస్కుకు చేరేలోపు తాత్కాలికంగా ఉంచే మెమరీ) ఉంటుంది, రాస్తుండగా కరెంటు పోయినా అందులోని డేటా నిలుస్తుంది. డేటాబేస్ నడిపేవాళ్లు ఇక్కడ పిసినారితనం చేయొద్దు.

డెల్‌కు పోటీ సర్వరైన హెచ్‌పీఈ ప్రోలయంట్ గట్టిదే. కాకపోతే వారంటీ అయ్యాక చాలా బయాస్ (మెషిన్‌ను స్టార్ట్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లకు సపోర్ట్ కాంట్రాక్టు కావాలి. డెల్‌వి ఉచితంగా దిగుతాయి.

డీలర్ ఎవరైనా సరే, ‘మరుసటి పనిదినం ఆన్‌సైట్’ (ఇంజనీరు మీ దగ్గరికే వచ్చే) సర్వీసు మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందని రాతలో తీసుకోండి. ఆ గడువు ఫోన్లో లోపం తేలాకే మొదలవుతుంది. డబ్బు కట్టేముందు సర్వీస్ ట్యాగ్‌ను (మెషిన్ మీద ఉండే డెల్ గుర్తింపు కోడ్) డెల్ సైట్‌లో కొట్టి వారంటీ తేదీ చూసుకోండి.

సర్వర్ దిగకముందే ఎర్తింగ్ చూపించండి: న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 3 వోల్టులు దాటితే ముందు అది సరిచేయించాలి. రాతిపొడి ఎగిరే షెడ్డు పక్క గదిలో మాత్రం పెట్టొద్దు, ఫ్యాన్లు, హీట్‌సింకులు పూడిపోతాయి.