మాన్యుఫాక్చరింగ్‌లో ఎం.టెక్: పూర్తి చేసి ఇన్నేళ్లయ్యాక నా మాట

నేను 2015లో ఒక ఎన్‌ఐటీలో మాన్యుఫాక్చరింగ్ ఇంజినీరింగ్ ఎం.టెక్‌లో చేరి, 2017లో పూర్తి చేశాను. అప్పటి నుంచి మెషినింగ్, అంటే లోహాన్ని యంత్రాలతో కోసి భాగాలు చేసే పనిలోనే ఉన్నాను. మా చుట్టాల పిల్లలూ, షాప్‌లో ట్రైనీలుగా చేరేవాళ్లూ "అక్కా, మెకానికల్ అయ్యాక ఇది చేయొచ్చా?" అని అడుగుతూనే ఉంటారు. డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో అడిగి ఉంటే వద్దనే చెప్పేదాన్ని. ఇప్పుడు వద్దనను. అలాగని అందరినీ చేరమని కూడా అనను.

ఎం.టెక్‌కి ముందు రెండేళ్లు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో ఇన్‌స్పెక్షన్ (తయారైన భాగాల తనిఖీ) చూశాను. మూడు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, ఒక మిల్లింగ్ సెంటర్, నా చేతిలో సైజు కొలిచే మైక్రోమీటర్, బోర్ గేజ్. డెలివరీ టెన్షన్ వచ్చినప్పుడల్లా ఓనర్ గారు స్పీడ్ పెంచమనేవారు. పెంచిన రోజు ఇన్సర్ట్‌లు (టూల్ కొసకి బిగించే, మార్చుకోగల కోత అంచులు) గబగబా అరిగిపోయేవి, సైజు తప్పేది, నేను ముక్కలు రిజెక్ట్ చేసేదాన్ని. ఇక లేత్ నడిపే టర్నర్ అన్నకీ నాకూ గొడవే. ఆయన మెటీరియల్ బాగాలేదనేవాడు, నేను ఆయన సెట్టింగ్ బాగాలేదనేదాన్ని. అసలు సంగతి ఇద్దరికీ తెలియదు.

మొదటి సెమిస్టర్‌లో మెటల్ కటింగ్ క్లాసులో, స్పీడ్‌ని బట్టి టూల్ ఎంతసేపు పనిచేస్తుందో చెప్పే టేలర్ టూల్ లైఫ్ సూత్రం వచ్చింది. బి.టెక్‌లోనూ చదివాను, పరీక్షలో ఒక ప్రశ్నగా. ఈసారి మా సార్ బోర్డు మీద రాసి వదిలేయకుండా లెక్క వేయించారు. కార్బైడ్ టూల్‌కి ఆ సూత్రంలో ఘాతాంకం దాదాపు 0.25. అంటే కటింగ్ స్పీడ్ 20 శాతం పెంచితే టూల్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. 1907లోనే అచ్చయిన పరిశోధన ఇది. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో ఆ లెక్క మళ్లీ వేసుకుంటుంటే బాలానగర్‌లో మేం నింపిన అరిగిన ఇన్సర్ట్‌ల డబ్బా కళ్లముందు కనిపించింది. టర్నర్ అన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నా తప్పు కాదన్నమాట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఈ చదువు వల్ల నాకు దక్కిన మొదటి లాభం అదే. షాప్ చూసి వెళ్లకపోతే అదీ నాకు పరీక్ష ప్రశ్నగానే మిగిలేది. అందుకే ఒకటి రెండేళ్లు ఎక్కడైనా పనిచేసి చేరమని అందరికీ చెబుతాను. ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ముందు పరీక్ష రాసేసి, ఉద్యోగం చేస్తూ కూడా కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. గేట్‌తో చేరినవాళ్లకి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వచ్చేది, దానికి వారానికి 8 గంటలు బి.టెక్ పిల్లల ల్యాబ్‌లు చూసుకోవాలి. మెస్ బిల్లు పోను కొంత మిగిలేది. ఫీజు నా పొదుపులోంచి కట్టాను, ఇంట్లో అడగలేదు.

కోర్సుల్లో ఈరోజుకీ నాకు ఎక్కువ పనికొస్తున్నది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్, అంటే తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలిసేలా వాటిని ముందే అమర్చుకోవడం. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు ఉంటే అన్ని కలయికలూ చూడాలంటే 81 ప్రయోగాలు చేయాలి. టాగూచి ఎల్9 అనే రెడీమేడ్ పట్టికతో తొమ్మిదితో మొదలుపెట్టొచ్చు. కానీ ఆ తొమ్మిదిలో ఒక అంశం ఇంకోదాని మీద చూపే ప్రభావం విడిగా కనిపించదు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఏదో ఒక లోహం తీసుకుని, స్పీడ్, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం), డెప్త్ ఆఫ్ కట్ (కోత లోతు) మార్చి, సర్ఫేస్ రఫ్‌నెస్ (పైభాగం గరుకుదనం) కొలిచి, సాఫ్ట్‌వేర్‌లో అనోవా పట్టిక (ఏ అంశం ప్రభావం ఎంతో చూపేది) తీసి థీసిస్ అయిందనిపిస్తారు. "ఫీడ్ పెరిగితే రఫ్‌నెస్ పెరిగింది" అని తేల్చడానికి ఏడాది ఎందుకు? ఇంటర్వ్యూలో "ఎందుకు పెరిగింది?" అన్న రెండో ప్రశ్నకే అలాంటి థీసిస్ నిలబడదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, మార్చుకోను.

నా థీసిస్ గ్రేడ్ 5 టైటానియం టర్నింగ్ (లేత్ మీద కోయడం) గురించి. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉండే మిశ్రమం అది. మామూలు స్టీల్‌తో పోలిస్తే దాదాపు ఏడో వంతే వేడిని లాగుతుంది. కోసేటప్పుడు పుట్టిన వేడి ముక్కలోకీ, రాలే చిప్‌లోకీ పెద్దగా పోకుండా టూల్ మొన దగ్గరే పేరుకుపోతుంది. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధారగా పోయకుండా, గంటకు 60 మిల్లీలీటర్ల నూనెని గాలితో తుంపరగా కొట్టి చూశాను. టూల్ పక్కవైపు అరుగుదల 0.3 మిల్లీమీటర్లకు చేరితే టూల్ అయిపోయినట్టు లెక్క. ప్రతి రెండు నిమిషాలకీ మెషిన్ ఆపి, ఇన్సర్ట్ తీసి, మైక్రోస్కోప్ కింద చూసి రాసుకోవాలి. నెలల తరబడి అదే పని.

కష్టమంతా ఇక్కడే. కటింగ్ ఫోర్స్ కొలిచే డైనమోమీటర్ ఐదు నెలలు పాడై ఉంది, ఫైలు కదల్లేదు. లేత్ పగలంతా బి.టెక్ ల్యాబ్‌లకే సరిపోయేది. రాత్రి ఖాళీగా ఉండేది, కానీ అమ్మాయిలు తొమ్మిదిన్నరకల్లా హాస్టల్‌లో ఉండాలి. క్లాసులో మేం ఇద్దరమే అమ్మాయిలం. రాత్రి పన్నెండు దాకా ప్రయోగాలు చేసుకున్న అబ్బాయిలు నాకంటే మూడు నెలల ముందు డేటా పూర్తి చేశారు. పర్మిషన్ లెటర్ కోసం తిరిగిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ల్యాబ్ టెక్నీషియన్. "అమ్మా, మైక్రోస్కోప్ తర్వాత, ముందు చెవి పెట్టు. టూల్ పోయే ముందు చప్పుడు మారుతుంది" అనేవారు. నెల తిరిగేసరికి నాకూ తెలిసేది. ఇప్పుడు కొత్త పార్ట్ ట్రయల్ వేసేటప్పుడు మా ఆపరేటర్‌తో పాటు నేనూ మెషిన్ డోర్ దగ్గర నిలబడి వింటాను.

ప్లేస్‌మెంట్స్ నిరాశపరిచాయి. వచ్చిన వాటిలో ఎక్కువ సాఫ్ట్‌వేర్, అనలిటిక్స్ కంపెనీలే. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాక ప్రాసెస్ ఇంజినీర్ ఉద్యోగం దొరికింది, జీతం అదే ప్లాంట్‌లో బి.టెక్‌తో చేరినవాళ్ల కంటే కొంచెమే ఎక్కువ. తేడా మూడో ఏడాది నుంచి తెలిసింది. హైదరాబాద్ చుట్టుపక్కల విమాన భాగాల పని పెరిగాక టైటానియం గురించి మాట్లాడగలిగే మనుషులు కావాల్సొచ్చింది. ఇప్పుడున్న చోట ఒక బ్రాకెట్ సైకిల్ టైమ్‌ని (ఒక్కో ముక్క తయారయ్యే సమయం) తొమ్మిది ట్రయల్స్‌తో మొదలుపెట్టి 42 నిమిషాల నుంచి 31కి తెచ్చాం. స్పీడ్ పెంచలేదు, కాస్త తగ్గించాం. ఫీడూ, టూల్ తిరిగే దారీ మార్చాం.

ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగమే లక్ష్యమైతే దీని కోసం రెండేళ్లు పెట్టకండి, అక్కడ గేట్ స్కోరుతో తీసుకునే ఉద్యోగాలకు బి.టెక్ చాలు. టూల్, డై తయారీ చేత్తో నేర్చుకోవాలంటే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీని (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ముందు చూడండి. లోహం ఎందుకలా ప్రవర్తిస్తోందో తెలుసుకోవాలనే ఆరాటం ఉంటే ఎం.టెక్‌లో చేరండి. కాకపోతే ర్యాంకుని బట్టి కాలేజీ, కాలేజీని బట్టి సీటు అని ఆగకుండా ల్యాబ్ గురించి సీనియర్లని అడగండి. ఏ మెషిన్ నడుస్తోంది, దాని మీద స్టూడెంట్ చెయ్యి వేయనిస్తారా, అమ్మాయిలకి ల్యాబ్ ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది? వీలైతే ఫీజు కట్టేముందే ఒకసారి వెళ్లి లేత్ కింద ట్రేలోకి తొంగిచూడండి. చిప్స్ తళతళలాడుతూ, నూనె తడితో ఉంటే ఆ మెషిన్ నిన్నో మొన్నో నడిచినట్టు. తుప్పు పట్టి ఉంటే వేరే కాలేజీ చూసుకోండి.