టెహ్రాన్ బెహెష్తె జహ్రా: అంకెలు నేర్చుకుని వెళ్లాల్సిన ఖబరస్తాన్

టెహ్రాన్‌కు దక్షిణంగా, ఖొమ్ నగరానికి వెళ్లే దారిలో 1970లో మొదలైన బెహెష్తె జహ్రా వెయ్యి ఎకరాల పైచిలుకు ఉంటుంది. లోపల ఊళ్లో ఉన్నట్టే రోడ్లు, కూడళ్లు. "వెళ్లాక అడుగుదాంలే" అనుకుంటే పూటంతా నడకకే పోతుంది. ప్రతి గోరీకీ మూడు భాగాల చిరునామా ఉంది: గెతే అంటే విభాగం, రదీఫ్ అంటే వరుస, షొమారే అంటే నంబరు. పేరు కొడితే ఇవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ముందే రాసి పెట్టుకోండి, పార్సీ (ఇరాన్ భాష) లిపిలో కూడా.

ఎందుకంటే బోర్డుల మీద పార్సీ అంకెలే ఉంటాయి. ఎక్కువ తికమక 27, 28 దగ్గర. ఇంగ్లీషు 'వి' లాంటిది 7, దాన్ని బోర్లిస్తే 8. రెండూ 1980ల ఇరాన్-ఇరాక్ యుద్ధంలో పోయినవాళ్ల విభాగాలే కాబట్టి తప్పు చోట తిరుగుతున్నామని కూడా తెలియదు. రాతి మీది ఇరానీ సంవత్సరానికి 621 కలిపితే మన లెక్క దాదాపు సరిపోతుంది: ఆ యుద్ధంలోనే ఇరాన్ మాజీ రక్షణమంత్రి ముస్తఫా చమ్రాన్ పోయిన 1360 అంటే 1981.

ఆయన గోరీ ఉన్న 24వ విభాగానికే ఎక్కువ సమయం ఇవ్వండి. యుద్ధకాలపు గోరీల తలాపున అల్యూమినియం చట్రాల అద్దాల పెట్టెలు ఉంటాయి. లోపల ఫొటో, ఖురాన్, వెలిసిన ప్లాస్టిక్ పూలు. ఇరవై ఏళ్లు కూడా నిండని మొహాలు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కళాకారుల విభాగం 88.

బస ఊళ్లోనే, మెట్రో లైన్ 1కి దగ్గరగా చూసుకోవడం మేలు. అమీర్ కబీర్ వీధిలో చవక మొసాఫర్‌ఖానేలు (చిన్న సత్రాల్లాంటి హోటళ్లు) ఉన్నాయి. కహ్రీజక్ వైపు రైలెక్కి హరమె మొతహ్హర్‌లో దిగితే ఖొమేనీ సమాధి మందిరం, దాన్నానుకునే ఖబరస్తాన్. లోపలి దూరాలకు టాక్సీ మాట్లాడుకోండి. మన బ్యాంకు కార్డులు ఇరాన్‌లో పనిచేయవు, నగదు తప్పనిసరి. ధర తొమాన్‌లో చెబుతారు, పది రియాళ్లు ఒక తొమాన్. ఆడవాళ్లకు తలమీద ముసుగు ఉండాలి.

ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజు పొద్దున వెళ్లండి. అక్కడి మనుషుల్ని చూడాలంటే మాత్రం గురువారం మధ్యాహ్నమే. రాతిని పన్నీటితో కడిగి, వేలితో తట్టి ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) చదువుతారు. ఏడుస్తున్నవాళ్లకు కెమెరా ఎత్తకండి. ఖర్జూరాలో హల్వానో చేతిలో పెడితే వద్దనకండి, పోయినవాళ్ల పేరిట పంచుతున్నది అది. తీసుకుని "ఖొదా రహ్మతెష్ కొనే" (దేవుడు వాళ్లను కరుణించాలి) అంటే చాలు.