ఎప్వాస్ చీజ్: పైపొరలోనే ఉంది పనంతా

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ఎప్వాస్ చీజ్‌ను మొదటిసారి కొన్నది దాని పైపొరలోని వైరస్‌ల గురించి చదివిన కుతూహలంతోనే. రెండోసారి మాత్రం కేవలం రుచి కోసం కొన్నాను.

గుండ్రని చెక్కపెట్టెలో వచ్చే చిన్న బిళ్ల 250 నుంచి 350 గ్రాముల దాకా తూగుతుంది. ఆవుపాలతో చేసిన ఈ చీజ్‌ను కనీసం నాలుగు వారాలు మాగబెడుతూ, ద్రాక్షపిప్పి నుంచి దించిన 'మార్క్' అనే సారా కలిపిన నీటితో మధ్యమధ్య కడుగుతారు. ఆ తడికి పైన బాక్టీరియా దట్టంగా పెరిగి, దంతపు వన్నె క్రమంగా ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. రంగులు కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక ఆ ఎరుపంతా సూక్ష్మజీవుల చలవే.

మూత తీయగానే వచ్చే వాసన ముందు మన ఇంగువ డబ్బా చిన్నబోతుంది. ముడతలు పడిన పైపొర జిగటగా వేలికి అంటుకుంటుంది; కోస్తే లోపలి భాగం నిలవక మీగడలా జారుతుంది కాబట్టి చెంచాతో తినడమే మేలు. రుచి వాసనంత ఘాటు కాదు. ఉప్పదనం, వెన్నదనం, చివర కొద్దిపాటి చేదు, అంతే.

ఇక వైరస్‌ల సంగతి. ఇవి బాక్టీరియాను మాత్రమే పట్టే ఫేజ్‌లు. తినేవారికి సోకేవి కావు. తోడులోని బాక్టీరియాను ఫేజ్‌లు చంపడం వల్ల పాలు పులియడం ఆగిపోతోందని 1935లో న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్, కాక్స్ గుర్తించిన నాటి నుంచి చీజ్ తయారీదారులకు వీటి పేరు చెబితేనే హడలు. అయితే మాగిన చీజ్ పైపొర మీద వీటి పాత్ర ఏమిటో తేల్చాలంటే ముందు వీటిని శుభ్రంగా వేరుచేయగలగాలి. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు, మలం నమూనాల నుంచి వైరస్‌లను వేరుచేసే పద్ధతినే చీజ్‌కు అనువుగా మార్చి, వడపోతను జోడించి, బాక్టీరియా విడిచే, డీఎన్‌ఏను మోసుకుతిరిగే సూక్ష్మమైన పొరబుడగలను క్లోరోఫామ్‌తో తొలగించి, ఆ విధంగా ఎప్వాస్ పైపొరలోని వైరస్ సముదాయాన్ని వర్ణించారు. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో భోజనాల బల్ల దగ్గర చెప్పకపోవడం మర్యాద.

ఒక సూపర్‌మార్కెట్‌లో కొన్న పెట్టె మాత్రం నిరాశపరిచింది. పైపొర ఎండి పగిలింది, అక్కడక్కడ రంగు వెలిసింది, ముక్కు బద్దలయ్యేంత అమ్మోనియా వాసన. చదువుకున్న చదువును బట్టి నెపం ఫేజ్‌ల మీద వేయబోయాను గాని, అంచులు ఎండిన తీరు చూస్తే తప్పు నిల్వ చేసినవారిదేనని తేలిపోయింది. అందుకే ఇప్పుడు మూత తీసి చూపించే చీజ్ దుకాణంలోనే కొంటున్నాను. తినడానికి గంట ముందు ఫ్రిజ్ నుంచి బయట పెట్టాలి. ఫ్రిజ్‌లో మాత్రం గాలి చొరని డబ్బాలోనే ఉంచాలి. నేను ఉంచకపోవడంతో పక్కనున్న పెరుగుకు ఆ వాసన పట్టి, గిన్నెడు పెరుగూ పారబోయాల్సి వచ్చింది.