నెల్లూరు చిన్నబజార్‌లో పాత నాణేల షాపు: కొనకపోయినా ఒకసారి పోయి చూడండి

పాత నాణేల పిచ్చి ఉన్నోళ్లు నెల్లూరులో ఉండి ఈ షాపు చూడకపోతే మాత్రం చాలా మిస్ అవుతారు. చిన్నబజార్‌లో సందులోకి ఉంటుంది, బోర్డు సరిగ్గా కనపడదు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. కానీ షాపు నడిపే పెద్దాయన ముందు రేటు చెప్పడు, నాణెం మీద ఆ బొమ్మ ఎందుకుందో చెప్తాడు, అదీ నాకు నచ్చింది.

కృష్ణదేవరాయలి బాలకృష్ణ వరహా చూపించాడు. అసలుది కాదు, ఇత్తడి కాపీ, ఆ మాట కవర్ మీదే రాసి పెట్టాడు. చిటికెన వేలి గోరంత ఉంటుంది, భూతద్దం పెట్టి చూస్తే కిట్టయ్య చేతిలో వెన్నముద్దతో కూర్చోనుంటాడు, వెనకవైపు నాగరి లిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అని మూడు వరసలు. ఈ కిట్టయ్య మన ఉదయగిరి దేవుడే అబ్బా! రాయలు ఒడిశా గజపతి రాజుల మీద గెలిచి ఉదయగిరి కోట పట్టుకున్నాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు, 1515 నాటి శాసనం కూడా ఉంది, ఆ గెలుపు గుర్తుగానే ఈ వరహా వేయించాడంటారు. ఉదయగిరి కొండ ఎన్నిసార్లు ఎక్కినా ఈ సంగతి నాకెవరూ చెప్పలా.

తర్వాత శాతవాహనుల సీసం నాణెం ఫోటో చూపించాడు, రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మది. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో ఇలాంటివి దొరికాయి, ఆయన శాసనమేమో చినగంజాంలో దొరికింది. సముద్ర వ్యాపారం అంత జోరుగా ఉండబట్టే నాణెం మీదికి ఓడ ఎక్కింది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలి, తవ్వితే చిన్న కుండలో ట్రాజన్, హేడ్రియన్ కాలం రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయంట, కొన్నిటికి చిల్లులు కూడా ఉన్నాయి, నగల్లాగా వేసుకున్నారేమో.

నేను కొన్నది చిల్లు కానీ అనే పాత పైసా బిళ్ల. 1943 నుంచి 47 దాకా వేసినవి, యుద్ధంలో రాగి కరువై మధ్యలో బొక్క పెట్టారు. మా పాప 2007 తర్వాత వచ్చిన రెండు రూపాయల బిళ్ల తీసుకుంది, దాని మీద రెండు వేళ్లు భరతనాట్యం ముద్ర అని తెలిసి తెగ సంబరపడింది. తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్ (నాణేలు తయారుచేసే చోటు)ది, డైమండ్ ఉంటే ముంబైది అని కూడా దానికి ఓపిగ్గా నేర్పించాడు.

ఒక్కటే కంప్లైంట్. మెత్తటి పీవీసీ కవర్లలో రాగి నాణేలు పెట్టాడు, అవి కొన్నాళ్లకి ఆకుపచ్చగా జిగురు పడతాయి, నాణెం పాడవుతుంది. ఇంటికెళ్లగానే వేరే కవర్‌లోకి మార్చుకోండి, బ్రాసోతో మాత్రం రుద్దొద్దు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్లకి లక్షలిస్తామని ఫోన్లొస్తే అస్సలు నమ్మొద్దు, ఆర్‌బీఐ 2021లోనే హెచ్చరించింది, ఈయన కూడా అదే మాట మొహం మీద చెప్తాడు.

నాలుగున్నర స్టార్లు. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తాడు, సాయంత్రం పోండి, చిల్లర ఉంచుకోండి.