పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు సైఫై, ఫాంటసీ: కొనేముందు ఏ పేజీ తెరవాలి?

ఏడో తరగతి పిల్లలకు పుస్తకం కొనేటప్పుడు చాలామంది పేరు, అట్ట చూసి తీసేసుకుంటారు. సైఫై, ఫాంటసీల దగ్గర అది సరిపోదు. ఒకే పేరుతో మంచి అనువాదమూ ఉంటుంది, పాడుచేసిన అనువాదమూ ఉంటుంది. ఒకే సిరీస్‌లో మొదటి భాగం పన్నెండేళ్లకు సరిగ్గా అతికితే నాలుగోది అతకదు.

జూల్స్ వెర్న్ 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ' సంగతే చూడండి. 1870లో ఫ్రెంచిలో పూర్తయిన నవల ఇది. మెర్సియర్ లూయిస్ పేరుతో 1870ల మొదట్లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో దాదాపు నాలుగో వంతు ఎగిరిపోయింది. ఉన్న భాగంలోనూ సైన్సు వివరాలు, అంకెలు చాలాచోట్ల తప్పు. కాపీరైటు బెడద లేదు కనుక చవక ప్రతుల్లో ఇప్పటికీ అదే అచ్చవుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడం తేలికే. రెండో అధ్యాయం మొదట్లోనే ప్రొఫెసర్ ఆరొనాక్స్ తాను నెబ్రాస్కా నుంచి తిరిగొచ్చానంటాడు. అక్కడ 'డిసగ్రీయబుల్ టెరిటరీ' అని కనిపిస్తే పుస్తకం తిరిగి అరలో పెట్టేయండి. వెర్న్ చెప్పింది బ్యాడ్‌ల్యాండ్స్ అనే, గాలికీ వానకూ కోసుకుపోయిన బంజరు నేల గురించి. ఆ అనువాదకుడు దాన్ని చికాకు పుట్టించే ప్రాంతంగా మార్చేశాడు. సైన్సు మీద ఇష్టంతో పట్టుకున్న పిల్ల అంకెలు కుదరక మధ్యలో వదిలేస్తే తప్పు ఆ పిల్లది కాదు. ఇంకోమాట, ఇరవై వేల లీగులంటే లోతు కాదు, నీటి కింద తిరిగిన దూరం. లీగుకు 4 కిలోమీటర్ల చొప్పున 80,000 కిలోమీటర్లు. చదవడానికి ముందే ఇది చెప్పండి.

ఫాంటసీలో ఈ వయసుకు నా మొదటి ఓటు ఉర్సులా లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968)కి. పదమూడేళ్లు నిండిన రోజున ఒక కుర్రాడు చల్లటి సెలయేరు దాటి అవతలి గట్టుకు చేరగానే గురువు అతని చెవిలో అసలు పేరు చెబుతాడు. ఆ పేరు తెలిసినవాడి చేతిలో అతని ప్రాణం ఉన్నట్టే. ఇలాంటి ఘట్టం ఆ వయసు పిల్లల మనసులోకి నేరుగా దిగుతుంది. వాక్యాలు నిదానంగా నడుస్తాయి కాబట్టి మొదటి అధ్యాయం పెద్దవాళ్లు పైకి చదివి వినిపిస్తే మంచిది. ద్వీపాల పటం ఉన్న ప్రతినే తీసుకోండి. అది లేకపోతే పడవ ప్రయాణాలు బుర్రకెక్కవు. సెట్టు కొనేవాళ్లు ఒకటి గమనించాలి: 1990లో వచ్చిన నాలుగో భాగం 'టెహాను'లో పసిపిల్ల మీద జరిగిన హింస ఉంది. కాబట్టి సిరీస్‌లోని ఆరు పుస్తకాలూ కలిపిన లావు సంపుటం కన్నా మొదటి మూడూ విడివిడిగా తీసుకోవడమే నయం.

లోయిస్ లౌరీ 'ది గివర్' (1993) సన్నటి పుస్తకం, తేలిక ఇంగ్లీషు. అందుకే తొమ్మిదేళ్లవాళ్ల చేతిలోనూ పెట్టేస్తుంటారు. పెట్టకండి. ముందు 19వ అధ్యాయం మీరు చదవండి. అక్కడ 'విడుదల' అనే మాటకు అసలు అర్థం బయటపడుతుంది. పన్నెండు దాటాకే ఇచ్చి, ఆ అధ్యాయం చదివిన రోజు పక్కనే ఉండండి.

భాష స్థాయి చూడటానికి అయిదు వేళ్ల పద్ధతి పనికొస్తుంది. మధ్యలో ఏదో పేజీ తెరిచి చదవమనండి. తెలియని మాటకో వేలు ముడవాలి. పేజీ పూర్తయ్యేలోపు అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడే వద్దు. అయితే ఫాంటసీలో కల్పిత ఊళ్లు, మనుషుల పేర్లు లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే మంచి పుస్తకాలన్నీ తప్పిపోతాయి.

తెలుగు కూడబలుక్కుని చదివే ఇంగ్లీషు మీడియం పిల్లలకు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' లాంటి సీరియళ్లకు సాటి లేదు. నెలనెలా వచ్చినవి కాబట్టి ప్రతి భాగమూ చిన్నది, ఉత్కంఠ దగ్గర ఆగుతుంది. రాత్రికి ఒక్క భాగం చాలు. మొదటి నాలుగూ మీరు చదివి వినిపించండి, అయిదోది వాళ్లకివ్వండి.