వెల్డింగ్ షాపులో చేయించుకున్న ఇనప కోళ్ళ గూడు, ఏడాది దాటి వాడాక రాస్తున్నా

మాది తణుకు పక్కన పల్లెటూరండి. దొడ్లో ఇప్పుడు 23 కోళ్ళున్నాయి, అన్నీ ఒక జాతివి కావు. నాటు పెట్టలు 9, గ్రామప్రియలు 6, వనరాజాలు 4, కడక్‌నాథ్‌లు 2, ఒక అసీల్ క్రాసు పుంజు, దానితో పాటే పుట్టిన పెట్ట ఒకటి. గూడు గురించి రాస్తూ ఈ లెక్కంతా ఎందుకంటే, ఒకే జాతి కోళ్ళకి చేయించే గూడు వేరు, ఇలా కలగలుపు మందకి చేయించే గూడు వేరు. ఆ సంగతి తెలియకే నేను ముందు డబ్బులు తగలేశాను, ఇప్పుడు చేయించుకునేవాళ్ళకి అది జరగకూడదని రాస్తున్నా.

ఇంతకుముందు మా మావయ్యగారు కట్టిన ఇటిక గూడు ఉండేది, పైన నాపరాయి, ముందు చెక్క తలుపు. ముప్పై ఏళ్ళు బాగానే పనిచేసింది కానీ చెక్క కింద పుచ్చిపోయింది, మేం పట్టించుకోలేదు. 2024 వానాకాలంలో ఒక రాత్రి అడుగున పుచ్చిన చోట లాగేసి ఏదో దూరింది, పొద్దున్నే చూస్తే నాలుగు పెట్టలు చచ్చి పడున్నాయి, తిన్నది ఒక్కదాన్నే, మిగతా మూడింటినీ మెడ దగ్గర కొరికి వదిలేసింది. మా అత్తయ్యగారు అది మానుపిల్లి పనే అన్నారు, కొబ్బరితోటలో అవి తిరుగుతాయి కదా. వాటిలో ఒకటి పొదుగుకొచ్చిన పెట్ట, కింద పదకొండు గుడ్లున్నాయి, ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలయ్యేవి. ఆ గుడ్లు చేత్తో పట్టుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయండి. ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

అప్పుడు తొందరపడి ఆన్‌లైన్‌లో నైలాన్ వల తెప్పించా, 1150 రూపాయలు, ఫోటోలో కోళ్ళ చుట్టూ పచ్చగా భలే ఉంది. అది కోళ్ళకి కాదండి, కూరగాయల మడికి. వారం తిరక్కుండా పందికొక్కు అడుగున కొరికేసింది, రెండో వారం జెర్రిపోతు ఒకటి ఆ కన్నాల్లో ఇరుక్కుపోయి ముందుకీ వెనక్కీ పోలేక కొట్టుకుంటుంటే మా ఆయన కత్తెరతో వల కత్తిరించి వదిలేశారు. నైలాన్ వల నేలకి తగిలేలా ఎప్పుడూ కట్టొద్దు. పైకప్పుగా గద్దలకి అడ్డంగా కడితే పర్లేదు, నేను ఇప్పుడు దాన్ని అందుకే వాడుతున్నా.

ఇక అసలు విషయం. మా ఊరికి దగ్గర్లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది, పేరు అనవసరం. ఆయన అంతకుముందు కోళ్ళ గూళ్ళు చేశారు కానీ పందెం పుంజులకి గదులు గదులుగా చేసేవే ఎక్కువ. నేను చెప్పిన కొలతలు: పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు నాలుగున్నర, నేల నుంచి అడుగున్నర ఎత్తులో కాళ్ళ మీద నిలబడాలి. రాత్రి పడుకోవడానికి మాత్రమే కాబట్టి కోడికి చదరపు అడుగు లెక్కేశా, అంటే 24 కోళ్ళకి సరిపోవాలి. చుట్టూ అరంగుళం గళ్ళ వెల్డ్ మెష్ (తీగలు కలిసేచోట అతికించిన ఇనప జాలి), పైన రేకు, ముందు పెద్ద తలుపు, పక్కన గుడ్లు తీసుకోవడానికి చిన్న తలుపు. మొత్తం 16,800 తీసుకున్నారు, ట్రాలీ ఆటో కిరాయి వేరే. ఎక్కువే అనిపించింది కానీ ఆన్‌లైన్‌లో ఇంతకంటే ఎక్కువ రేటుకి పలచని ప్లైవుడ్‌వి అమ్ముతున్నారు, అవి మన వానలకి రెండు సీజన్లు ఆగవు.

మెష్ విషయంలో మాత్రం ఎవరు ఏం చెప్పినా వినకండి. షాపుల్లో చికెన్ మెష్ అని షట్కోణం గళ్ళది అమ్ముతారు, పేరు చూసి మోసపోతాం, అది కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుంది గానీ బయటిది లోపలికి రాకుండా ఆపలేదు. పలచని తీగ, కుక్క పళ్ళతో లాగితే ఊడొచ్చేస్తుంది. చైన్ లింక్, అదే కంచెలకి కట్టే అల్లిక జాలి, గట్టిదే కానీ రెండంగుళాల కన్నాల్లోంచి ముంగిస తల పెట్టేస్తుంది, పాము సంగతి చెప్పక్కర్లేదు, పిల్లలైతే వాటంతట అవే బయటికొచ్చేస్తాయి. అరంగుళం వెల్డ్ మెష్ అయితేనే పాము, పందికొక్కు, పిల్లి పంజా అన్నీ ఆగుతాయి. ఖరీదు ఎక్కువ, నిజమే. కానీ ఏడాది దాటింది, గూట్లో పెట్టి తాళం వేసిన కోడి మెష్ వల్ల ఒక్కటీ పోలేదు.

మెష్ వల్ల అని ఎందుకన్నానంటే, తలుపు వల్ల పోయింది. తెచ్చిన మూడో వారంలోనే. మామూలు గడియ పెట్టారు, పక్కకి లాగితే వచ్చేసేది. ఏది ఎలా తీసిందో తెలియదు, పొద్దున్న తలుపు ఓరగా ఉంది, కడక్‌నాథ్ పెట్ట ఒకటి లేదు, నల్ల ఈకలు కొబ్బరిచెట్టు దాకా పడున్నాయి. ఇంకా చూస్తే వెనక మూలలో మెష్‌ని ఫ్రేముకి అడుగుకొక చుక్క చొప్పున మాత్రమే వెల్డ్ చేశారు, మధ్యలో వేలు పెట్టి లాగితే సందు వచ్చేస్తోంది. వెళ్ళి అడిగితే ముందు పర్లేదమ్మా అన్నారు, ఈకలు తీసుకెళ్ళి చూపించా, అప్పుడు మాట్లాడకుండా మనిషిని పంపి చుట్టూ ఇనప పట్టీ వేసి దగ్గర దగ్గరగా వెల్డ్ చేయించారు, డబ్బులు అడగలేదు. ఆ మంచితనానికి ఆయనకి మార్కులు వేస్తాను, కానీ ముందే చేసుంటే నా కోడి ఉండేది. గడియకి ఇప్పుడు రెండు తాళాలు, ఒకటి పైన ఒకటి కింద. మీరు చేయించుకుంటే మిగతా డబ్బు ఇచ్చే ముందు ప్రతి మూలా చేత్తో లాగి చూడండి, కదిలితే తీసుకోవద్దు.

లోపల దూలాలు, అదే కోళ్ళు ఎక్కి పడుకునే కర్రలు, ఇక్కడే కలగలుపు మంద సంగతి తేలుతుంది. ఆయన మూడూ ఒకే ఎత్తులో, మూడడుగుల మీద పెట్టేశారు. మా నాటు పెట్టలు, కడక్‌నాథ్‌లు తేలిగ్గా ఎగిరి ఎక్కేశాయి. వనరాజాలు బరువు, ఎగరలేవు, ఎక్కబోయి కింద పడేవి, చివరికి అడుగున మెష్ మీదే పడుకునేవి, పైనున్నవాటి రెట్టలన్నీ వీటి మీద. నెల తిరిగేసరికి ఒకదాని అరికాలు వాచింది. అప్పుడు వడ్రంగిని పిలిచి అడుగు ఎత్తులో ఒకటి, రెండున్నర అడుగుల్లో ఒకటి, పైన ఒకటి, మెట్ల మాదిరి ఒకదాని కింద ఒకటి రాకుండా జరిపి పెట్టించా. రెండంగుళాల మందం కర్ర, అంచులు గుండ్రంగా చెక్కించా. అసీల్ పుంజు తిన్నగా పై కర్ర చివర సెటిలైంది, ఎవరినీ రానివ్వదు, అందుకని ఆ చివర చిన్న మెష్ అడ్డం పెట్టాల్సొచ్చింది. ఇవన్నీ ఎవరూ ముందు చెప్పరండి, కోడికో బుద్ధి ఉంటుంది.

అడుగున కూడా మెష్ వేస్తే రెట్టలు కింద పడిపోతాయి, శుభ్రం సులువు అని అందరూ చెప్తారు, అది సగమే నిజం. రెట్టలు పడతాయి, వారానికోసారి కింద ఊడ్చి కొబ్బరిచెట్ల మొదళ్ళలో వేస్తాం, వాసన లేదు. కానీ రోజంతా మట్టి మీద తిరిగే కోళ్ళకి రాత్రి తీగ మీద కాళ్ళు నొప్పి. గూడు అడుగుభాగంలో సగానికి చెక్క పలక వేసి పైన వరి ఊక పోశాను, మిగతా సగం మెష్ వదిలేశా. ధనుర్మాసంలో మంచు పడేటప్పుడు కింద నుంచి చలిగాలి కొడుతుంది, మూడు పక్కలా గోనెపట్టాలు వేలాడదీసి పైన జానెడు సందు వదులుతా, పూర్తిగా మూసేస్తే రెట్టల ఘాటుకి వాటికి కళ్ళు మండుతాయి. ఎండాకాలంలో రేకు కాలిపోతుంది, పైన తాటాకు కప్పాం. ఇనుము వల్ల మాకు దొరికిన పెద్ద లాభం కోడిపేలు తగ్గడం, ఇటిక గూట్లో సందుల్లో దాక్కునేవి, ఇక్కడ దాక్కోవడానికి కర్రల చివర్లు తప్ప చోటు లేదు, అక్కడ నెలకోసారి సున్నం పూస్తా. దొడ్లో ఒక మూల బూడిద, ఇసక కలిపి గుంటలో పోశాం, మధ్యాహ్నం వరసగా వచ్చి పొర్లుతాయి.

2025 ఫిబ్రవరిలో మా దగ్గరే వేల్పూరులో, అటు పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చింది, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు కోళ్ళని బయటికి వదలడానికి భయమేసింది, కాలవ గట్టున కొంగలు, బాతులు తాగే నీళ్ళే ఇవీ తాగుతాయి కదా. మూడు వారాలు గూట్లోనే ఉంచా. రాత్రి గూడుని పగలు వాడకూడదని ఆ మూడు వారాల్లో బాగా అర్థమైంది. నాలుగో రోజుకే ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలెట్టాయి, గ్రామప్రియ ఒకదానికి తోక దగ్గర రక్తం వచ్చేదాకా పొడిచాయి. దానికి పసుపు రాసి గంప కింద వేరుగా పెట్టి, మిగతావాటికి తోటకూర, మునగాకు కట్టలు కట్టి పైనుంచి వేలాడదీశా, వాటితో పొద్దు పుచ్చాయి పాపం. ఆ తర్వాతే గూటికి ఆనించి పన్నెండడుగుల చైన్ లింక్ ఆవరణ కట్టించాం, కింద రెండడుగులు అరంగుళం మెష్, అది కూడా నేల దగ్గర ఆపకుండా ఒక అడుగు మేర బయటికి మడిచి మట్టి కప్పాం, తవ్వే జంతువుకి పంజా కింద తీగ తగులుతుంది. పైన నా పాత నైలాన్ వల. ముంగిస పగటి దొంగ కాబట్టి ఆవరణ లేకుండా గూడు ఒక్కటే ఉంటే సగం రక్షణే.

నాటు పెట్టల గురించి ఒక మాట చెప్పాలి. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి, గుడ్లకి గ్రామప్రియ చాలా మంచిది, మా ఇంట్లో నాటు పెట్ట పెట్టి ఆపేసిన రోజుల్లో కూడా అది పెడుతూనే ఉంటుంది. కానీ మా ఇంట్లో అవి ఒక్కసారి కూడా పొదుగుకి కూర్చోలేదు, వాటి జాతిలోనే ఆ గుణం తీసేశారు. పిల్లలు కావాలంటే వాటి గుడ్లు నాటు పెట్ట కింద పెట్టాల్సిందే, 21 రోజులు అదే కూర్చుంటుంది, ఎవరి గుడ్లో దానికి అక్కర్లేదు. గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందకి లాక్కునేదీ అదే. కాబట్టి గుడ్లు ఎక్కువొస్తాయని నాటువి తీసేసి అన్నీ కొత్త రకాలే పెట్టుకోవద్దు. గూట్లో పొదిగే పెట్టకి అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టె ఒకటి చీకటి మూలలో ఉండాలి, ఇది వెల్డర్‌కి తట్టదు, నేను కొబ్బరిపీచు వేసి చెక్కపెట్టెలు నాలుగు పెట్టా.

నేను అనుకోని ఇంకో లాభం టీకాల దగ్గర కనబడింది. కొక్కెర తెగులుకి పిల్లలకి మొదటి వారంలో లసోటా టీకా కంట్లో చుక్క, రెండు నెలలు దాటాక ఆర్టూబీ టీకా ఇంజెక్షను వేయించాలి. పాత రోజుల్లో కోళ్ళని చెట్ల మీద నుంచి, గడ్డివాము కింద నుంచి పట్టుకునేసరికి ఐసు కరిగిపోయి మందు వేడెక్కేది. ఇప్పుడు చీకటితో తలుపు తీసి టార్చి పెట్టి ఒక్కొక్కటీ అందుకుంటే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. సీసా వంద కోళ్ళకి వస్తుంది, కలిపాక దాచుకోవడానికి లేదు, అందుకని మా వీధిలో నలుగురం ఒకే రోజు వేయిస్తాం, ఎవరి కోళ్ళని వాళ్ళు గంపల్లో పెట్టుకుని ఉంచుతారు, మందు ఇళ్ళకి తిరుగుతుంది, కోళ్ళు మాత్రం ఇల్లు మారవు. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు గూట్లోకి రానివ్వను, ఎంత బాగున్నా సరే.

ఐదుకి నాలుగు ఇస్తా ఈ గూడుకి. ఒకటి తగ్గించింది గడియకి, ఆ మూల వెల్డింగ్‌కి. అదే షాపులో ఈ వారం ఇంకోటి చెప్పాను, పిల్లలతో ఉన్న పెట్టకి మాత్రమే, మూడడుగులు రెండడుగులు, అడుగున పూర్తిగా పలక, తలుపు పైకి తెరుచుకునేలా, చుట్టూ పట్టీతో వెల్డింగ్. ఈసారి అడ్వాన్సు సగమే ఇచ్చా, మిగతాది మూలలన్నీ లాగి చూశాకే అని ముందే చెప్పా, ఆయన కూడా సరేనమ్మా, నువ్వే దగ్గరుండి చూసుకో అన్నారు. మా చుక్కల పెట్ట పదమూడు గుడ్ల మీద కూర్చుని నిన్నటికి పదహారు రోజులు, పిల్లలయ్యేలోపు గూడు ఇంటికి రావాలి.