జాగ్రత్త: ‘ఆఫ్రికన్ మిక్స్’ చేపపిల్లలు కొనేముందు ఇది చదవండి

మలావి సిచ్లిడ్‌లు (ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు) పెంచుదామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. షాపుల్లో ‘ఆఫ్రికన్ మిక్స్’ అని ఒకే ట్యాంకులో రంగురంగుల పిల్లల్ని వేసి జతల లెక్కన అమ్ముతున్నారు. అందులో రాళ్ల మీద పాచి గీక్కుని బతికే ఎంబూనాలుంటాయి, సాటి చేపల్ని మింగేసేవీ ఉంటాయి. అంగుళంన్నర సైజులో అన్నీ బుద్ధిమంతుల్లాగే తిరుగుతాయి.

షాపువాడు మాకు ఎల్లో ల్యాబ్‌లనే చిన్న పసుపు సిచ్లిడ్‌లతో పాటు తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న రెండు పిల్లల్ని అంటగట్టాడు. "నాలుగంగుళాలు దాటవు సార్, మూడడుగుల ట్యాంకు చాలు" అన్నాడు. తీరా చూస్తే అవి లివింగ్‌స్టోనీలు, పదంగుళాల దాకా పెరిగే రకం. కాస్త ఎదిగాక ఒకటి ఇసుక మీద పక్కకి ఒరిగి కదలకుండా పడుకోవడం మొదలుపెట్టింది. షాపుకి ఫోన్ చేస్తే జబ్బు చేసిందని చెప్పి నీలం మందు అమ్మాడు.

దానికి ఏ రోగమూ లేదు. మలావి సరస్సులో అది వేటాడే తీరే అంత. చచ్చినట్టు పడి ఉంటుంది, ఆ మచ్చలతో ఒళ్లు కుళ్లిపోయినట్టే కనిపిస్తుంది. కొరుక్కుతిందామని చిన్న చేప దగ్గరికొస్తే గబుక్కున నోట్లో వేసుకుంటుంది. ఓ ల్యాబ్ తోక దాని నోటి బయట కొట్టుకుంటుంటే చూశాం, అప్పుడు అర్థమైంది. మందుకి ట్యాంకు అద్దాల్ని అతికించే సిలికాన్ అంతా నీలంగా మారింది, అదో బోనస్!

వెనక్కి తీసుకోమంటే "అమ్మిన చేప తీసుకోం" అన్నాడు. పైగా మేతకి గోల్డ్‌ఫిష్ పిల్లల్ని కొనుక్కెళ్లమని సలహా. వాటి జోలికి పోకండి, వాటితో పాటు రోగాలూ వస్తాయి. లివింగ్‌స్టోనీలు నీళ్లలో మునిగే పెల్లెట్లు (గుళికల మేత) శుభ్రంగా తింటాయి.

మిక్స్ ట్యాంకులోంచి కొనొద్దు. జాతి పేరు బిల్లు మీద రాసిమ్మనండి, రాయనంటే బయటికొచ్చేయండి. పసుపు ఒంటి మీద జిరాఫీ మచ్చలుంటే వీనస్టస్, అదీ ఇదే బాపతు. ఎదురుగా చూస్తే కత్తిలా పల్చగా, పక్కనుంచి చూస్తే పొడుగు మూతితో ఉండేది కంప్రెసిసెప్స్, అదీ చేపల్ని మింగేదే. తెలిసే పెంచుతామంటే వద్దనను, చూడముచ్చటైన చేపలే. కానీ 6×2×2 అడుగుల ట్యాంకు కావాలి, అంటే సుమారు 680 లీటర్ల నీళ్లు, వాటి నోట్లో పట్టనంత పెద్ద తోటి చేపలు.

మా రెండూ ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లో అంత ట్యాంకు ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే ఊరికే ఇచ్చేస్తాం. ఎల్లో ల్యాబ్‌లు ఉన్నవాళ్లు మాత్రం అడగకండి.